ముల్లు పడిన ఇంజనుతో చెన్నూరు రేవుకు

కరీంనగర్ బస్టాండులో పొద్దున టిఫిన్ చేసి బస్సెక్కిన మనిషి మధ్యాహ్నం భోజనం వేళకు చెన్నూరులో ఉంటాడు. నాకు మూడు రోజులు పట్టింది. ఆలస్యానికి కారణం నాతో వచ్చిన ఇంజను అని ఇంట్లో చెప్పాను. వెళ్లివచ్చి నెల దాటింది కనుక అసలు సంగతి ఇక్కడ రాస్తున్నాను.

చెన్నూరు దాటాక గోదావరి ఒడ్డున మా తాతగారికి గడి, అంటే కోటలాంటి దొరల ఇల్లు, ఉండేది. దాని కింద ఎన్ని ఊళ్లుండేవో చెబితే గొప్పలు పోతున్నానంటారు. చెప్పకపోతే హైదరాబాదులో ఉన్న మా చెల్లెలు ఊరుకోదు. ఏడు. ఇప్పుడు గడికి కప్పు లేదు, ద్వారానికి తలుపులు లేవు, లోపల మేకలకు మాత్రం లోటు లేదు. నేను కరీంనగర్‌లో సర్కారు కచేరీలో గుమస్తాగా చేరి సీనియర్ గుమస్తాగా రిటైరయ్యాను. మా ఇంట్లో దాన్ని 'జిల్లా వ్యవహారాలు చూశారు' అంటారు.

మాకు మిగిలినవి మూడు: ఒక చెక్క పడవ, దానికి బిగించే రెండు సిలిండర్ల డీజిల్ ఇంజను, ఒక మర్యాద. ఏటా కార్తీకంలో మా రేవులో జాతర జరుగుతుంది. గంగమ్మ ఘటం అవతలి ఒడ్డుకు దాటి, పూజ అందుకుని తిరిగి రావాలి. అది మా పడవలోనే దాటాలి. మా ఇంటి పెద్ద పడవ ముందు కొసన, వెండి పొన్ను కర్ర పట్టుకుని, నిటారుగా నిలబడాలి. తాతగారు నిలబడ్డారు, నాన్నగారు నిలబడ్డారు, ఇరవై ఏళ్లుగా నేను నిలబడుతున్నాను. మా వంశంలో నడుములు వంగవని పేరు.

నిరుడు నడి గోదావరిలో ఇంజను రెండుసార్లు ఆగింది. ఈసారి జాతర కమిటీ వాళ్లు ఫోన్ చేశారు. "దొరా, శుక్రవారం పొద్దుగాల పది గొట్టేవరకు మీ పడవ చాలూ అయి కదలాలె. కాకపోతే చేపల సంఘమోళ్ల ఫైబర్ పడవల దాటిస్తం. ఒక్కసారి దాటించినంక ఇగ ఎప్పటికీ అండ్లనే. మల్ల మమ్ముల ఏమనొద్దు."

ఫోన్ పెట్టేసిన తర్వాత చాలాసేపు తాతగారి ఫోటో వైపు చూడలేదు.

మా వాకిలి

ఇంజను రేవులో ఉండదు, కరీంనగర్‌లో మా హాలులో ఉంటుంది. ఊళ్లో మోటార్లు ఎత్తుకుపోయేవాళ్లు ఎక్కువయ్యాక నాన్నగారు దాన్ని ఇంటికి తెప్పించారు. సోఫాకూ టీవీకీ మధ్య, లేసు గుడ్డ కప్పుకుని కూర్చుంటుంది. కొత్తగా వచ్చినవాళ్లు దానిమీద కాఫీ గ్లాసు పెడతారు. మా ఆవిడ తీసేస్తుంది. ఆమె ఈ ఇంటికి వచ్చిన నాటినుంచీ చేస్తున్న పనుల్లో ఫలితం కనిపించేది అదొక్కటేనని ఆమె అంటుంది.

దసరా నాడు దానికి ఆయుధపూజ. పసుపు, కుంకుమ, కొబ్బరికాయ. సాయంత్రం జమ్మి చెట్టు దగ్గరినుంచి తెచ్చిన ఆకును మా వైపు బంగారమని ఒకరి చేతిలో ఒకరు పెట్టుకుంటాం కదా, ముందు ఇంజనుకు పెట్టి తర్వాతే మనుషులకు పెట్టడం మా ఇంటి పద్ధతి. పక్కన నూనె పోసే చోట ఇత్తడి మూత ఉంటుంది. దాన్ని ఇంజను నోరంటాం. మూత తీసి, జమ్మి ఆకు, చిటికెడు పసుపు బియ్యం నోట్లో వేసి దండం పెడతాం. నాన్నగారు రెండు ఆకులు వేసేవారు. నా హయాంలో ఆస్తి తగ్గింది, భక్తి పెరిగింది. నేను గుప్పెడు వేస్తాను.

మంగళవారం రాజమల్లు చెన్నూరు నుంచి వచ్చాడు. బెస్త రాజమల్లుది మా పడవ తెడ్డు, చుక్కాని. వాళ్ల నాన్న నుంచి వచ్చిన పని. ఆరుగురం కలిసి ఇంజనును వాకిట్లోకి దించి, చల్లబరచడానికి డ్రమ్ములో నీళ్లు పెట్టి, రాజమల్లు హ్యాండిల్ తిప్పాడు. పొగ వచ్చింది, చప్పుడు వచ్చింది, పక్కింటివాళ్లు వచ్చారు.

కాసేపటికి ఇంజను లోపలినుంచి ఎవరో తలుపు తడుతున్నట్టు టకటక మొదలైంది. రాజమల్లు ఆయిల్ మీటరు ముందు గొంతుకు కూర్చున్నాడు.

"దొరా, ముల్లు పడుతుంది. నూనె జోరు లే. గిట్లనే నడిపితే లోపట అన్నీ రాసుకొని పట్టేస్తది."

"ఆ మీటరు సీమ సరుకు," అన్నాను.

"ముల్లు గూడ సీమదే. గా సీమ ముల్లే పడుతుంది."

అతను అలా మాట్లాడతాడు. ఎదురు చెప్పినట్టూ ఉండదు, ఒప్పుకున్నట్టూ ఉండదు.

కరీంనగర్ బైపాసు

ఖాదర్ అనే అతని ట్రాలీ ఆటో మాట్లాడాము. వెనక ఇంజను, డ్రమ్ము, రాజమల్లు. ముందు ఖాదర్ పక్కన నేను, నా చేతిలో కర్ర. ట్రాలీ ఆటో కప్పు నా వంటి మనిషిని దృష్టిలో పెట్టుకుని చేసింది కాదు. నిటారుగా కూర్చుంటే స్పీడ్ బ్రేకరు వచ్చినప్పుడల్లా తల కప్పుకు కొట్టుకుంటుంది. "జర ముంగటికి వంగున్రి సాబ్," అన్నాడు ఖాదర్. నేను వంగలేదు. కరీంనగర్ దాటకముందే పదకొండు స్పీడ్ బ్రేకర్లు లెక్కపెట్టాను, కళ్లతో కాదు.

బైపాసులో మస్కట్ శ్రీను షెడ్డు. పన్నెండేళ్లు మస్కట్‌లో చేపల పడవల ఇంజన్లు చూసి వచ్చాడని అతనికా పేరు. గోడమీద సముద్రపు ఫోటో ఉంది, దాని ముందు నల్లకళ్లద్దాలతో అతనే. ఇంజనును వినకుండానే నూనె కొలిచే పుల్ల తీసి, రెండు వేళ్ల మధ్య రుద్ది, వాసన చూసి, అరబ్బీలో ఏదో అన్నాడు.

"పల్చగైంది సార్. గింత పల్చగుంటే ముల్లేడ లేస్తది? మస్కట్ల గీసొంటివి రోజుకు నాలుగు చూసేది. మందం నూనె పొయ్యున్రి, కహానీ ఖతమ్."

మందం నూనె పోశాము. తేనెలా జారింది. ఇంజను వేస్తే ముల్లు లేచింది! నేను రాజమల్లు వైపు చూశాను. అతను ముల్లు వైపే చూస్తున్నాడు. శ్రీను వేగం పెంచగానే ముల్లు వెనక్కి పోయింది. టకటక కాస్తా ఠకఠక అయింది.

"కొత్త నూనె గదా సార్, అలవాటు కావాలె," అన్నాడు శ్రీను. మస్కట్‌లో నూనెలకు ఎన్ని రోజులు సెలవిస్తారో నేను అడగలేదు.

పెద్దపల్లి దాటాక

బుధవారం. రోడ్డు పక్కన రేకుల హోటలు దగ్గర ఖాదర్ ఆపాడు. చాయ్ పది రూపాయలు, సర్వపిండి ముక్క ఇరవై. సర్వపిండి చేసే ఆమె పేరు లచ్చవ్వ. గంజు గిన్నె లోపలి గోడకు బియ్యప్పిండి ముద్ద వత్తి, వేలితో బొందలు చేసి, ఒక్కో బొందలో నూనె చుక్క వేస్తుంది. మా ఇంట్లో సర్వపిండి పళ్లెంలో ఫోర్కుతో తినడం నాన్నగారు మొదలుపెట్టారు. ఇక్కడ తినేసరికి, మేము కోల్పోయినవాటి జాబితాలో దీన్నీ చేర్చాలనిపించింది.

కొత్త నూనె అలవాటైందేమో, ఒకసారి చూద్దామని రాజమల్లు హ్యాండిల్ తిప్పాడు. అంతే, హోటల్లో ఉన్నవాళ్లంతా గ్లాసులు పట్టుకుని ట్రాలీ చుట్టూ చేరారు. మన దగ్గర జబ్బు మనిషికి సలహా ఇచ్చేటప్పుడు కాస్త మొహమాటపడతారు, ఇంజనుకు అది కూడా లేదు. హార్వెస్టరు నడిపే అతను పిస్టనన్నాడు. బోర్ల పనివాడు డీజిల్‌లో నీళ్లన్నాడు. పెళ్లికార్డులు పంచడానికి వచ్చిన ఒకాయన అది వాస్తు దోషమనీ, ఇంజను మొహం ఉత్తరానికి తిప్పమనీ చెప్పాడు. ట్రాలీ ఉత్తరానికే పోతోందని ఖాదర్ అన్నాడు.

వాళ్లలో ఒక ట్రాక్టరు మేస్త్రీ మాట మాత్రం నాకు బాగా నచ్చింది. "ఇంజన్ బంగారమసొంటిది సార్. మీటరే ఖరాబున్నది. అబద్ధం చెప్తుంది."

మా ఇంజనులో లోపం లేదు, దాని గురించి బయటికి చెప్పే సాధనంలో లోపం ఉంది. మా కుటుంబం గురించి నేను చాలాకాలంగా అంటున్నది అదే.

లచ్చవ్వ సర్వపిండి తిప్పుతూ చూస్తోంది. ఆమెను ఎవరూ అడగలేదు. తనే అంది: "ఏం తిన్నదో ఏమో బిడ్డా, అరుగుతలే. మా చిన్న మనుమడు గిట్లనే టకటక పండ్లు కొరుకుతుండె. చింతగింజ మింగిండు."

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. వైద్యం వెతుక్కుంటూ తిరిగిన ఆ మూడు రోజుల్లో నిజానికి దగ్గరగా పోయిన మొదటి మాట అదేనని అప్పుడు తెలియదు.

మంచిర్యాల

గోదావరి బ్రిడ్జి మీద ఖాదర్ ఆటో ఆపి, కిందికి చూసి నీళ్లకు దండం పెట్టాడు. రాజమల్లు రూపాయి వేశాడు. నేను వంగకుండా ఎంత వరకు చూడవచ్చో అంత వరకు చూశాను.

మంచిర్యాలలో మనుషులు ఊరికే నడవరు, ఎక్కడో షిఫ్టుకు ఆలస్యమైనట్టు నడుస్తారు. స్టేషన్ దగ్గర లాడ్జిలో గది ఆరు వందలు. పేరు చెప్పమంటే ఇంటి పేరుతో సహా మొత్తం చెప్పాను. కౌంటరు మీది అతను 'రావు, 1 నెం.' అని రాసుకున్నాడు. మా కరీంనగర్‌లో అయితే కనీసం ఏ రావు అని అడుగుతారు.

కొత్త ఆయిల్ మీటరు కొన్నాము. బిగించాము. ఇంజను వేశాము. పాత మీటరు చెప్పిన అబద్ధాన్నే కొత్తది అక్షరం పొల్లుపోకుండా చెప్పింది.

"ఇప్పుడు రెండు మీటర్లూ ఖరాబేనా దొరా?" అన్నాడు రాజమల్లు, చాలా వినయంగా.

బస్టాండు వెనక పెద్ద వర్క్‌షాపుకు పోయాము. అక్కడ బోర్డు మీద దేవుళ్ల ఫోటోలకన్నా యజమాని ఫోటో పెద్దది. అతను దూరంనుంచే చెవి ఒగ్గి తీర్పు చెప్పాడు. "బేరింగులు పోయినయి. క్రాంక్ తియ్యాలె, అరగదియ్యాలె. పదిహేను రోజులు."

"శుక్రవారం పదింటికి కావాలి," అన్నాను.

"ఏ శుక్రవారం?"

"ఎల్లుండి."

అతను నన్నొకసారి, కర్రనొకసారి చూశాడు. "అయితే సార్, కొత్తది కొన్కోన్రి. గిది ఇనుపసామాన్లోనికి వేసెయ్యున్రి, మంచిగ తూగుతది."

ముత్తాతను పాత ఇనుము కింద తూచి ఇస్తావా అని అడిగినట్టయింది. వెనుదిరిగాను. గౌరవంగా వెనుదిరగడం మా వాళ్లకు మొదటినుంచీ బాగా అలవాటు. గడి విడిచి వచ్చేటప్పుడు కూడా అలాగే వచ్చామని నాన్నగారు చెప్పేవారు, ఆ రాత్రి ఎడ్లబండి గడ్డి కింద పడుకుని వచ్చారన్న సంగతి నానమ్మ చెప్పేది.

లాడ్జి మెట్ల మీద రాజమల్లు బీడీ ఆర్పి అన్నాడు: "నస్పూర్‌ల కొమురయ్యని ఉన్నడు. బొగ్గుబాయిల నీళ్లు తోడే పంపులకు ఫిట్టరు చేసి రిటైరయిండు. బాయిల పంపు ఆగితే మనుషులు మునుగుతరు దొరా. గాయన చెవి తప్పుపోదు."

"మరి ముందే ఎందుకు చెప్పలేదు?"

రాజమల్లు తల గోక్కున్నాడు. "వాళ్ల బాపు మీ గడిల వెట్టి చేసిండు. మీరు పోతరో పోరో అని."

నస్పూర్

గురువారం పొద్దున. బాయి పనివాళ్ల క్వార్టర్లు వరసగా, ఒకే అచ్చులో పోసినట్టున్నాయి. ఇంటిముందు కొమురయ్య ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని పేపరు చదువుతున్నాడు. డెబ్బైకి అటూ ఇటూ ఉంటాడు. నన్ను చూసి పేపరు మడిచాడు, లేవలేదు. లేస్తాడేమోనని నేను కొద్దిసేపు నిలబడ్డాను. లోపలినుంచి ఆయన భార్య రాజవ్వ ఇంకో కుర్చీ తెచ్చి వేసింది. అప్పుడు కూర్చున్నాను.

"రాజమల్లు ఫోన్ల చెప్పిండు," అన్నాడు కొమురయ్య. "మా బాపు మీ తాత ముంగట చెప్పులు తొడగలే. చంకల పెట్టుకొని నడిచేటోడు. గిప్పుడు మీరు ఇంజన్ మోసుకొని నా ఇంటికచ్చిన్రు. బాపు ఉంటే మస్తు నవ్వుతుండె."

"ఇంజను బాగా బరువు," అన్నాను.

ఆయన ఒక్క పనిముట్టు తెచ్చాడు, చెక్క పిడి ఉన్న పొడవాటి స్క్రూడ్రైవరు. ఇంజను వేయించి, దాని కొసను ఇనుముకు, పిడిని చెవికి ఆనించి కళ్లు మూసుకున్నాడు. ఒకచోట విన్నాడు, జానెడు జరిపి ఇంకోచోట విన్నాడు. పక్కింట్లో టీవీ ఆపమని రాజవ్వ కేక వేసింది. తర్వాత ప్రశ్నలు మొదలుపెట్టాడు. మూడు రోజుల్లో మమ్మల్ని ఎవరూ ప్రశ్న అడగలేదని అప్పుడు గుర్తొచ్చింది. అందరూ జవాబులే ఇచ్చారు.

"సల్లగున్నప్పుడు ముల్లు ఏడికి లేస్తది?"

రాజమల్లు చెప్పాడు.

"కాగినంక?"

చెప్పాడు.

"నడక పెంచితే లేస్తదా, పడుతదా?"

"పడుతది అన్నా. మందం నూనె పోసినంక ఇంక జల్ది పడుతుంది."

కొమురయ్య ఇంజను ఆపించాడు. "బేరింగులే పోతే, నడక పెంచినకొద్దీ ముల్లు జరంతయినా మీదికి లేవాలె. పంపు ఎక్కువ తోడుతది గదా. గిది ఉల్టా పడుతుంది. అంటే పంపు గుంజుతుంది గని దానికి నూనె అందుతలే. సల్ల గ్లాసుల సన్న గొట్టం పెట్టి గుంజుతుంటే గొట్టానికి మీగడ అడ్డం పడ్డట్టు. మందం సల్ల పోస్తే ఇంక అందదు." నా వైపు తిరిగాడు. "దీని నోట్లె ఏం పోస్తున్రు?"

"ఆయిల్."

"ఇంకేం?"

"ఇంజనులో ఆయిల్ కాక ఇంకేం పోస్తాం?" అన్నాను, కాస్త గట్టిగానే. పూజను ఎవరైనా పోయడం అంటారా?

ఇంజనును చెక్క దిమ్మెల మీదికి దించారు. నూనె తీసేసి, అడుగున పక్కనున్న పలక బోల్టులు విప్పాడు కొమురయ్య. ఒక చేయి లోపలికి పెట్టాడు. ఆ చేయి అక్కడే ఆగింది. ముఖంలో ఏమీ మారలేదు. చేయి బయటికి తీసి, గుడ్డతో తుడుచుకుని, ఫోన్ లైటు వేశాడు.

"వంగున్రి," అన్నాడు.

"ఏమిటి?"

"వంగి చూడున్రి. నేను చేత్తోని తీసి చూపెట్టిననుకో, రేపు కొమురయ్యే పెట్టిండంటరు. మీ కండ్లతోని మీరే చూడున్రి."

పలక రంధ్రం నేలకు జానెడు ఎత్తున ఉంది. దాంట్లోకి చూడాలంటే నడుము వంచితే చాలదు, మోకాళ్లు కూడా ఆనించాలి. రాజమల్లు వేరే వైపు చూశాడు. ఖాదర్ కూడా వేరే వైపు చూశాడు. రాజవ్వ మాత్రం ఎటూ పోలేదు. నేను కర్ర గోడకు ఆనించి, ధోవతి ఎగదోసి, వంగాను. నడుములో ఏదో టక్కుమంది. ఇంజనుది కాని ఏకైక చప్పుడు ఆ ప్రయాణంలో అదే.

లోపల, నూనె పీల్చే గొట్టం చివర అరచేయంత ఇత్తడి జాలి ఉంది. అంటే ఉండాలి. నాకు కనిపించింది ఆకుల అట్ట. పైన పచ్చగా, ఇంకా వాడని చిన్న చిన్న జమ్మి ఆకులు. వాటి కింద గోధుమ రంగు పొర, దాని కింద నల్లటి పొర. మధ్యమధ్యన ఉబ్బిన పసుపు బియ్యం గింజలు, జాలి కన్నుల్లో కొలిచి దిగేసినట్టు.

పై పొరను గుర్తుపట్టాను. మూడు వారాల కిందట నేను నా చేత్తో వేసిన గుప్పెడు.

లేవడానికి కొంత సమయం తీసుకున్నాను. ఆ సమయంలో మస్కట్ శ్రీనును, ట్రాక్టరు మేస్త్రీని, మంచిర్యాల వర్క్‌షాపును, చివరికి నూనె కంపెనీని కూడా తప్పుల జాబితానుంచి ఒక్కొక్కరిగా కొట్టేసుకోవలసి వచ్చింది. జాబితాలో ఒక్క పేరు మిగిలింది, ఇంటి పేరుతో సహా.

"దసరాకు... మా ఇంట్లో ఒక పద్ధతి," అన్నాను.

రాజవ్వ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది, అయినా ఆగలేదు. "ఓయవ్వో! ఇంజన్లకు జమ్మి తినవెట్టిన్రా దొరా? మేం మనుషులకు చేతిల పెడుతం, మీరు ఇంజన్‌కు కడుపునిండ పెట్టిన్రు!"

కొమురయ్య నవ్వలేదు. అదే ఎక్కువ కష్టంగా అనిపించింది. జాలి ఊడదీసి కిరసనాయిల్ గిన్నెలో వేసి, బ్రష్షుతో రుద్దుతూ అన్నాడు: "బాయిల మేమూ చేస్తం పూజ. పంపుకు బయట బొట్టు పెడుతం. లోపటికి దేవుడు తనంతట తను పోతడు, మనం పంపొద్దు."

మధ్యాహ్నం దాకా పని జరిగింది. ఒక బేరింగు మూత విప్పి చూశాడు. లోపలి పెంకు మీద గీతలు పడ్డాయి, కానీ పొర ఇంకా పోలేదు. టకటక దానిదే, నూనె అందక. "గీ పెంకులు జాతర అయినంక మార్చున్రి. రేపటికి నడుస్తది, సగం నడకతోని," అన్నాడు. శ్రీను పోయించిన తేనె పారబోసి సరైన నూనె పోశాడు.

ఆలోపు రాజవ్వ అన్నానికి పిలిచింది. జొన్నరొట్టె, ఎండుతునకల మాంసం కూర, పచ్చిపులుసు. మా ఇంట్లో వెనక, భోజనానికి కూర్చునేముందు వచ్చినవాడు ఎవరో ఏమిటో తెలుసుకునే ఆచారం ఉండేది. ఇక్కడ ఎన్ని రొట్టెలు తింటావనే అడిగారు. రెండన్నాను. నాలుగు తిన్నాను. ఆ కూర గురించి కరీంనగర్‌లో ఇంకా ఎవరికీ చెప్పలేదు, ఇక్కడ రాయడంతో చెప్పినట్టయింది.

మూడు గంటలకు రాజమల్లు హ్యాండిల్ తిప్పాడు. ముల్లు లేచింది. వేగం పెంచితే ఇంకా లేచింది. లోపల తలుపు తట్టేవాడు అలసి కూర్చున్నట్టు, టకటక సన్నబడింది. కొమురయ్య మీటరు అద్దం మీద సుద్దతో ఒక గీత గీశాడు.

"గీ గీత కిందికి ముల్లు దిగిందంటే గప్పుడే ఇంజన్ బంద్ చెయ్యాలె. లెక్క పెట్టద్దు, ఆలోచన చెయ్యద్దు. ఒక మనిషి ఒడ్డు దాటేదాక దీనిమీదినుంచి కన్ను తియ్యొద్దు."

"నువ్వు రా, నువ్వే చూడు," అన్నాను. ఆ మాటకు ముందు 'దయచేసి' అనే అర్థం వచ్చేదేదో అన్నానని రాజమల్లు అంటాడు. నాకు గుర్తులేదు.

కొమురయ్య చాలాసేపు చేతులు తుడుచుకున్నాడు. "వస్త. గని ముల్లు చూడ. మా బాపు గా పడవను ముప్పై ఏండ్లు నీళ్లల్లకు తోసిండు, ఒక్కనాడు ఎక్కలే. ఎక్కనియ్యలే. నేను ఎక్కి గోదారిని చూస్త. ముల్లు మీరు చూసుకోన్రి."

రేవు

శుక్రవారం తొమ్మిదిన్నరకు ఇంజను పడవలో బిగిసింది. పక్కనే చేపల సంఘం ఫైబర్ పడవ, నీలం రంగు, పూలదండలు వేసుకుని తయారుగా ఉంది. కమిటీ వాళ్లు గడియారం చూసే పద్ధతిలోనే వాళ్ల మనసెటు ఉందో తెలిసింది. మిర్చి బజ్జీల బండ్లు, మా వైపు బొంగులనే మరమరాల బుట్టలు, డప్పులు. పావుకిలో బొంగులు ముప్పై రూపాయలు, నిరుడు ఇరవై ఐదు.

రాజమల్లు హ్యాండిల్ తిప్పాడు. మొదటిసారి ఏమీ లేదు. రెండోసారి పొగ. ఫైబర్ పడవలోంచి ఎవడో ఈల వేశాడు. మూడోసారి ఇంజను అందుకుంది. ముల్లు సుద్దగీత దాటి పైకి పోయింది. డప్పులు మోగాయి.

ఘటం ఎత్తుకున్న పోసవ్వ పడవెక్కింది. ఆమె ఆనవాయితీ మరిచే మనిషి కాదు. పసుపు బియ్యం పళ్లెం నా ముందుకు చాచింది. "ఇంజన్ నోట్లె వెయ్యున్రి దొరా, మల్ల దాటుదాం."

రేవు మొత్తం చూస్తోంది.

"ఈ ఏడు దీనికి ఉపవాసం," అన్నాను.

వెనక కొమురయ్య దగ్గాడు. పోసవ్వ "అయితే మంచిదే, కార్తీకం గదా," అని బియ్యం మూతమీద చల్లింది. నేను వాటిని ఒక్క గింజ మిగలకుండా తుడిచి నీళ్లలో వేశాను. అది కూడా ఆచారంలో భాగమే అనుకున్నారు జనం.

పడవ కదిలింది. నేను కర్రతో ముందు కొసకు రెండడుగులు వేశాను. అప్పుడు గుర్తొచ్చింది. రాజమల్లు చుక్కాని దగ్గర ఉన్నాడు, అతనికి మీటరు కనబడదు. పోసవ్వ తలమీద ఘటం ఉంది, ఆమె మెడ తిప్పలేదు. కొమురయ్య చూడనని ముందే చెప్పాడు. మీటరేమో ఇంజను పక్కన, మోకాలెత్తున ఉంది. నిటారుగా నిలబడ్డ మనిషికి దాని పైఅంచు తప్ప ఏమీ కనిపించదు.

వెనక్కి వచ్చి వంగాను. కర్ర ఇంజను బెల్టుకు అడ్డం వస్తోంది. "జర పట్టు," అని చూడకుండా చాచాను. ఎవరో తీసుకున్నారు.

ఆ తర్వాత గోదావరి ఎలా ఉందో నాకు తెలియదు. ఎండ ఉందా, గాలి ఉందా, అవతలి ఒడ్డున ఎంతమంది ఉన్నారో తెలియదు. యాత్ర రాసేవాడు చెప్పవలసిన అసలు దృశ్యం నేను చూడలేదు. నేను చూసింది ఒక ముల్లు, ఒక సుద్దగీత. నడి నీళ్లలో ముల్లు వణికి గీత మీదికి దిగింది. నా చేయి ఇంజను ఆపే పుల్లమీదికి పోయింది. ఆపితే ఫైబర్ పడవ వస్తుంది. ఆపకపోతే... కొమురయ్య లెక్క పెట్టద్దన్నాడు. నేను లెక్క పెట్టాను. ఒకటి. రెండు. రాజమల్లు వేగం కాస్త తగ్గించాడు. ముల్లు గీత మీదే ఉంది. దిగలేదు. పడవ అడుగు ఇసుకను తాకిన చప్పుడు నడుము ద్వారా తెలిసింది.

నన్ను లేపడానికి ఇద్దరు కావలసి వచ్చారు.

తిరుగు దారిలోనూ అంతే. సాయంత్రానికి కమిటీ పెద్ద వచ్చి, వచ్చే ఏడు కూడా మా పడవే అన్నాడు. కారణం కూడా చెప్పాడు: "ఇన్నేండ్లకు గడి మనిషి గంగమ్మకు వంగి దండం పెట్టుకుంటు పోయిండని ఊరంత ఒకటే మాట దొరా. ఆడోళ్లయితే ఏడిసిన్రు."

నేను ఆ మాటను సరిదిద్దలేదు. కొమురయ్య కూడా సరిదిద్దలేదు. కర్ర నాకు తిరిగి ఇస్తూ, "పొన్ను వదులైంది, బిగించిన," అన్నాడు.

కరీంనగర్ చేరేసరికి ఫోటో నాకన్నా ముందు చేరింది. అందులో పడవ ముందు కొసన కొమురయ్య నిటారుగా నిలబడి ఉన్నాడు, చేతిలో వెండి పొన్ను కర్ర, కళ్లు అవతలి ఒడ్డు మీద. వెనక పోసవ్వ, ఘటం. ఇంకా వెనక, పొగలో, తెల్లటి గుడ్డల మూటలాంటిది ఒకటి.

మా చెల్లెలు హైదరాబాదునుంచి ఫోన్ చేసింది. "అన్నయ్యా, ముందు నిలబడ్డది ఎవరు? నువ్వు కనిపించవేం?"

"చూడు, ఉన్నాను," అన్నాను. "ఆ వంగి ఉన్నవాణ్ణి."